వెలుగుల తగవు

తెర లేచినంతనే ప్రేక్షకుని చూపు నటునిపై నిలుచును. ఆ నటుని చూపించు దీపములను నడుపుటలో ఒక తగవు కలదనియు, దానిని తీర్చుటకు కొన్ని న్యాయములు కలవనియు అతడెరుగడు.

1975లో న్యూయార్క్ నగరమున బ్రాడ్వే రంగస్థలముపై 'ఎ కోరస్ లైన్' అను సంగీతరూపకమునకు దీపవిన్యాసము సమకూర్చిన థారన్ మస్సర్, దీపముల స్థితిని జ్ఞాపకముంచుకొను కంప్యూటరును వినియోగించెను. 1986లో అమెరికాలో 'డి.ఎం.ఎక్స్. 512' అను సంకేతపద్ధతి వెలసెను. ఒక్క తీగ మీద 512 మార్గములు. ఒక్కొక్క మార్గమున 0 మొదలు 255 వరకు ఒక సంఖ్య. వెలుగును నడుపు మార్గమున 0 అనగా చీకటి, 255 అనగా నిండువెలుగు.

చిక్కు ఇచటనే యున్నది. ముందుగా కూర్చిన సంధ్యాదృశ్యము ఒక దీపమును 100 వద్ద నిలుపుమనును. నిర్వాహకుని చేతిలోని మీట 180 అనును. దీపమునకు పోవలసిన సంఖ్య ఒక్కటియే. ఎవరి మాట చెల్లవలెను?

మొదటి న్యాయము 'పెద్దది నెగ్గును' అనునది, దీనినే హెచ్.టి.పి. అందురు. దీపము 180 వద్ద వెలుగును. ఒకరు వెలిగించిన దానిని వేరొకరు ఆర్పలేరు గనుక ఇది భద్రమైనది. కాని విషాదాంత నాటకమున చివర చీకటి క్రమ్మవలసియున్నదనుకొందము. మరచిన మీట 180 వద్దనే నిలిచిన యెడల చీకటి రాదు. అప్పుడే మరణించిన నాయకుడు లేచి వెడలిపోవుట సభ యంతయు చూచును.

రెండవ న్యాయము 'కడపటిది నెగ్గును' అనునది, ఇది ఎల్.టి.పి. తలత్రిప్పు దీపములకు ఇదియే శరణ్యము. అట్టి దీపమునకు 60 అనగా వేదిక ఎడమమూల, 200 అనగా కుడిద్వారము అనుకొందము. 200 అనునది 60 కంటె అధికము కాదు, వేరొక చోటు మాత్రమే. ఇచట పెద్దదానికి పట్టము కట్టినచో, ఏదో యొక దృశ్యము 200 పట్టుకొనియున్నంత కాలము దీపము ఎడమకు మరలనే మరలదు. కనుక వెలుగునకు మొదటి న్యాయమును, దిశకు రెండవదానిని వర్తింపజేయుట పరిపాటి. కొన్ని నవీన యంత్రములు వెలుగునకు సైతము రెండవదానినే గైకొనుచున్నవి.

వ్యాకరణము చదివినవారికి ఇది క్రొత్త కాదు. తుల్యబలములైన రెండు సూత్రములు ఒకచోట తటస్థించినపుడు పరసూత్రమే ప్రవర్తించునని పాణిని అష్టాధ్యాయిలో విధించెను. అచట పరత్వము గ్రంథక్రమమును బట్టి, ఇచట కాలక్రమమును బట్టి, భేదమింతియే.

రెండు యంత్రములే ఒక దీపమునకై పోటీపడినచో మూడవ ఉపాయము కలదు. 'ఎస్.ఎ.సి.ఎన్.' అను పద్ధతిలో యంత్రము తన ఆజ్ఞతో పాటు 0 నుండి 200 వరకు ఒక ప్రాధాన్యసంఖ్యను పంపును. సామాన్యముగా అది 100. హెచ్చు ప్రాధాన్యము గల యంత్రము మాటయే చెల్లును.

ఏ మార్గమునకు ఏ న్యాయమో నిర్ణయించునది మనుష్యుడే. యంత్రము ఆ నిర్ణయమును తప్పక పాటించును. నాటకమునకు అది తగునో తగదో మాత్రము ఎరుగదు. అందువలన నేర్పరియైన నిర్వాహకుడు ప్రదర్శనమునకు ముందు దీపములన్నియు వెలుగుచున్నవా యని మాత్రమే గాక, అన్నియు ఆరుచున్నవా యనియు పరీక్షించుకొనును.