అప్పుడు ఆటోనగర్.. ఇప్పుడు వేరియంట్!

ఒకప్పుడు కారు కొన్నాక సోకులు చేయించుకునేవాళ్లం. ఇప్పుడు సోకులన్నీ కొనే రోజే తేలిపోవాలి. మరి ఎవరికి లాభం?

పామర్రు దాటి బందరు వెళ్లే జాతీయ రహదారి మీద గూడూరు దగ్గర కాసేపు నిలబడండి. పోయేవి ఎక్కువగా తెలుపు, బూడిద రంగు కార్లే. లోపలా అదే వరస: నల్ల డ్యాష్‌బోర్డు, మధ్యలో టచ్‌స్క్రీన్.

ఇదే దారిన తిరిగిన అంబాసిడర్లు పైకి ఒకలాగే ఉన్నా లోపల దేని ముచ్చట దానిదే. కిటికీకి స్ప్రింగు తీగ మీద జరిగే పూల కర్టెన్లు, రెక్సిన్ సీటు మీద తెల్ల తువ్వాలు, డ్యాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను, పక్కన వెంకన్న బొమ్మ. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండేది కాబట్టి ముందు సీటు ఒకటే బల్ల. డ్రైవరు పక్కన ఇంకో ఇద్దరు సర్దుకునేవారు. పెళ్లివారి సామానంతా పైన ఇనుప క్యారియర్‌కెక్కేది.

క్యారియరే మన ఎస్టేట్

డిక్కీ బదులు పైకప్పును చివరిదాకా సాగదీసి మనుషులకూ సామానుకూ చోటిచ్చేది స్టేషన్ వ్యాగన్, అదే ఎస్టేట్. అమెరికాలో ఫోర్డ్ కంట్రీ స్క్వైర్ 1950 నుంచి 1991 దాకా అమ్ముడైంది. ఇంజిను, ఏసీ, మూడో వరస సీటు, రేడియో.. కావలసినదానికే టిక్కు పెట్టి, దేనికి దానికే డబ్బు కట్టేవారు. మన దగ్గర అంబాసిడర్‌కు ఎస్టేట్ రూపం వచ్చినా అరుదే. 1992లో టాటా ఎస్టేట్ పవర్ స్టీరింగ్, పవర్ విండోలతో దిగినా నిలదొక్కుకోలేదు. తర్వాతి బలెనో ఆల్టురా, ఇండిగో మెరీనాలదీ అదే కథ. మనకు సామానుకు పైన క్యారియరే దిక్కు.

అమెరికాలోలా టిక్కు పెట్టి ఎంచుకునే వీలూ మనకు లేదు. లైసెన్సుల కాలంలో కంపెనీ ఏది ఇస్తే అదే కారు. ఆప్షన్లు దొరికేది విజయవాడ ఆటోనగర్ షెడ్లలో. ఈ ఏడు పంట డబ్బుతో సీట్లకు కుషన్ పని, వచ్చే ఏడు టింకరింగ్, పెయింటింగ్. పెట్రోలు ఖర్చు భరించలేనివారు పాత ఇంజిను దించేసి మెటాడోర్ డీజిల్ ఇంజిను ఎక్కించుకునేవారు. ఖర్చు విడతలవారీగా సాగేది, బండి యజమానికి తగ్గట్టు మారుతూ పోయేది.

కలిపే కొనాలి

ఇప్పుడు సన్‌రూఫ్ ముచ్చటపడితే చాలా మోడళ్లలో పై వేరియంట్‌కు వెళ్లాలి. దాంతోపాటు అక్కర్లేని నాలుగూ అంటగడతారు. పోనీ బయట చేయించుకుందామా? అద్దాలకు నల్ల ఫిల్ములు వద్దని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు బిగించే బుల్ బార్లను 2017లో కేంద్రం కాదంది. కంపెనీ డిజైనుకు విరుద్ధంగా బండి రూపు మార్చితే చెల్లదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. సీటు పక్కనుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగుకు మామూలు సీటు కవరే అడ్డమవుతుంది. హారన్ కోసం వైరు కోస్తే వారంటీ గొడవ. బీఎండబ్ల్యూ అయితే 2022లో కొన్ని దేశాల్లో, కారులో అప్పటికే ఉన్న సీటు హీటర్‌కు నెలవారీ చందా అడిగింది. కొన్నవాళ్లు మండిపడటంతో మరుసటి ఏడాది వెనక్కి తగ్గింది.

అలాగని పాతదంతా బంగారం కాదు. ఆటోనగర్‌లో ఎంత పోసినా అంబాసిడర్‌కు ఎయిర్‌బ్యాగు వచ్చేది కాదు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు ఇవాళ కింది వేరియంట్‌లోనూ తప్పనిసరి. ప్రాణానికి సంబంధించినది ఆప్షన్ కాకూడదు. అది మంచి మార్పే. పేచీ అంతా సౌకర్యాల దగ్గరే. వాటినీ మూటగట్టి అమ్మడంతో, బందరు ఉప్పుగాలికి అడుగున తుప్పు పట్టే బండికి యాంటీ రస్ట్ కోటింగ్ విడి ఖర్చయింది, మండుటెండల్లో మూసే ఉంచే సన్‌రూఫ్ గొప్పయింది.

అందుకే షోరూమ్‌లో ముందు వేరియంట్ల పట్టిక అడిగి తీసుకోండి. రోజూ వాడేవాటికే టిక్కు పెట్టి, అవన్నీ ఉన్న కింది వేరియంట్ దగ్గరే ఆగండి. మిగిలిన డబ్బులో కొంత అడుగు కోటింగ్‌కు పెట్టండి. రంగు మార్చాలన్నా, సీఎన్‌జీ కిట్ పెట్టించాలన్నా ముందు ఆర్టీఓ అనుమతి తీసుకుని, ఆర్‌సీలో రాయించుకున్నాకే బండి రోడ్డెక్కించండి.