ఐన్‌స్టీన్‌కు రాని జవాబు

1921లో అమెరికాలో థామస్ ఎడిసన్ దగ్గర ఉద్యోగానికి వెళ్లిన పట్టభద్రుల చేతిలో ఒక ప్రశ్నపత్రం పెట్టేవారు. ఫ్రాన్స్ సరిహద్దు దేశాలేవి? ఓల్గా నది ఎక్కడుంది? లాగరిథమ్స్ కనిపెట్టిందెవరు? ఇలా వందకు పైగా ప్రశ్నలు. చాలామంది తప్పారు. కాలేజీ చదివినవాళ్లకు ఏమీ తెలియడం లేదని ఎడిసన్ విసుక్కున్నారు. ప్రశ్నలు పత్రికలకెక్కాయి. అదే ఏడాది బోస్టన్ వచ్చిన ఐన్‌స్టీన్‌ను, ఎడిసన్ పరీక్ష తరహాలోనే, శబ్దవేగం ఎంతని విలేకరులు అడిగారు. ఆయన చెప్పలేకపోయారు. పుస్తకాల్లో దొరికే సంగతులను బుర్రలో మోయనన్నారు.

సాపేక్ష సిద్ధాంతం ఇచ్చిన మనిషిని గుమ్మం బయటే నిలబెట్టే పరీక్ష, కొత్తగా ఆలోచించేవాళ్లను ఎలా పసిగడుతుంది?

తర్వాత క్విజ్ పోయి పజిల్ వచ్చింది. మ్యాన్‌హోల్ మూత గుండ్రంగానే ఎందుకుంటుందన్న ప్రశ్న మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూలతో పేరుకెక్కింది. 2004లో గూగుల్ సిలికాన్ వ్యాలీ హైవే పక్కన, కంపెనీ పేరైనా లేని హోర్డింగ్ పెట్టింది. ‘ఈ’ అనే గణిత స్థిరాంకంలో వరసగా వచ్చే అంకెల్లో మొట్టమొదటి పదంకెల ప్రధాన సంఖ్య ఏదో కనుక్కుంటే, అదే ఒక వెబ్‌సైట్ అడ్రస్. అక్కడ ఇంకో లెక్క. అదీ విప్పినవాళ్లను రెజ్యూమె పంపమన్నారు. భలే ఎత్తుగడే. అయితే 2013లో గూగుల్ మానవ వనరుల అధిపతి లాస్లో బాక్, ఇంటర్వ్యూలో ఇలాంటి పజిళ్లు శుద్ధ దండగని న్యూయార్క్ టైమ్స్‌తో చెప్పారు. అడిగేవాళ్లకు తాము తెలివైనవాళ్లమన్న తృప్తి తప్ప ఒరిగేదేమీ లేదన్నారు.

మరి ఏం అడగాలి? మీరు ఒక చిక్కు సమస్యను పరిష్కరించిన సందర్భం చెప్పండి అని అడగడమే మేలన్నది బాక్ సలహా. అసలు ఇంటర్వ్యూ ఆ జవాబు తర్వాతే మొదలవుతుంది. రవాణాలో గాజు సీసాలు పగులుతుంటే అట్టపెట్టె డిజైన్ మార్చానని ఒకమ్మాయి చెప్పిందనుకుందాం. పగులుతున్నది లారీలోనా, గోడౌన్‌లో దించేటప్పుడా? ఎలా తెలిసింది? మొదట ఏం చేసి చూశారు, ఎందుకు కుదరలేదు? నిజంగా చేసిన మనిషైతే హమాలీలతో మాట్లాడిన సంగతి, అడుగు వరస పెట్టెలే నలుగుతున్నాయని గమనించిన సంగతి కూడా చెబుతుంది. పక్కవాళ్ల పనిని తనదిగా చెప్పుకునేవాళ్లు చాలాసార్లు రెండో ప్రశ్నకే తడబడతారు.

అందరినీ అవే ప్రశ్నలు అడిగి, ముందే అనుకున్న కొలమానంతో మార్కులు వేయడం ముఖ్యం. 85 ఏళ్ల పరిశోధనలను క్రోడీకరించి ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 1998లో ప్రచురించిన వ్యాసం కూడా, ఇష్టమొచ్చినట్టు సాగే ఇంటర్వ్యూ కన్నా ఇదే నమ్మదగిందని చెప్పింది. ఉద్యోగంలో చేయాల్సిన పనినే కొంచెం నమూనాగా చేయించి చూడటానికీ అందులో పెద్దపీటే.

ఒక్క జవాబుతో మనిషిని తేల్చేయడమూ ప్రమాదమే. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్లను మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూలో, రోడ్డు మీద పసిబిడ్డ ఏడుస్తూ పడి ఉంటే ఏం చేస్తారని అడిగారు. అమెరికాలో అత్యవసర నంబరైన 911కు ఫోన్ చేస్తానన్నారు. ముందు బిడ్డను ఎత్తుకోవాలి కదా అన్నారు ఎదుటాయన. ఇక ఉద్యోగం రాదనుకున్నారు నాదెళ్ల. వచ్చింది. 1992లో చేరి, 2014లో సీఈఓ అయ్యారు.

ఇక, ముందు చెప్పుకున్న నమూనా పని విషయంలో సంస్థలు నిజాయితీ పాటించాలి. అభ్యర్థి గీసిన లోగోనో, రాసిన ప్రకటననో ఉద్యోగం ఇవ్వకుండా వాడుకోవడం దొంగతనమే. పని గంటో రెండు గంటలో దాటితే డబ్బిచ్చి చేయించాలి. సంస్థలో ఎప్పుడో పూర్తయిపోయిన పనినే ఇస్తే ఇంకా మంచిది. అప్పట్లో తమవాళ్లు ఎలా చేశారో పక్కన పెట్టుకుని పోల్చవచ్చు.