స్లౌ పట్టణాన్ని ఆనుకుని స్టోక్ పోజెస్: కొన్ని విశేషాలు

లండన్‌కు పశ్చిమాన ఫ్యాక్టరీల పట్టణం స్లౌ. 2021 జనగణనలో జనాభా లక్షా యాభై ఎనిమిది వేలు. దాని ఉత్తరపు పొలిమేర దాటితే స్టోక్ పోజెస్, సుమారు ఐదు వేల మంది ఉండే ప్యారిష్. ప్యారిష్ అంటే మొదట ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం. 1894 చట్టంతో ఇంగ్లండ్‌లో ప్యారిష్‌లకు ఎన్నికైన కౌన్సిళ్లు వచ్చాయి, దాదాపు మన గ్రామ పంచాయతీల్లాగా. ఇంత చిన్న ఊరికి ఇన్ని కథలా అనిపిస్తుంది!

● మన కాలేజీల్లో ఇంగ్లిష్ సాహిత్యం చదివినవాళ్లకు థామస్ గ్రే పేరు కొత్త కాదు. పల్లె శ్మశానం మీద ఆయన రాసిన 128 పాదాల 'ఎలిజీ'కి నెలవు ఇక్కడి సెయింట్ జైల్స్ చర్చి ఆవరణేనని చాలామంది నమ్మకం.

● ఆ కవిత చేతిరాత ప్రతుల్లోనే ఊరంతా తిరిగింది. ఒక పత్రిక అడక్కుండానే అచ్చువేయబోతోందని తెలిసి గ్రే కంగారుపడ్డాడు. మిత్రుడు హొరేస్ వాల్పోల్‌కు ఉత్తరం రాసి, 1751 ఫిబ్రవరి 15న హడావిడిగా పుస్తకంగా వేయించాడు. దానిమీద కవి పేరు లేదు. వచ్చిన డబ్బులోనూ పైసా ముట్టలేదు. 1757లో ఆస్థానకవి పదవి ఇస్తామన్నా వద్దన్నాడు.

● పన్నెండు మంది పిల్లల్లో బతికి బట్టకట్టింది గ్రే ఒక్కడే. 1771లో పోయాక ఆయన్ని ఇక్కడే, తల్లి సమాధిలోనే ఉంచారు. తల్లి కోసం ఆయన రాసిన మాటలు రాతిమీద ఉన్నాయి, ఆయన పేరు మాత్రం లేదు. ఆయన అక్కడున్నాడని ఎదురుగా చర్చి గోడకున్న పలక చెబుతుంది.

● చర్చిలోని ఒక పాత రంగుటద్దం ముక్కను 'సైకిల్ కిటికీ' అంటారు. చక్రమున్న ఒక వాహనం మీద కూర్చుని బూర ఊదుతున్న బొమ్మ అది. ఆ అద్దం 17వ శతాబ్దం నాటిదంటారు. సైకిల్‌కు పూర్వరూపమైన రెండు చక్రాల బండిని కార్ల్ డ్రైస్ నడిపి చూపింది 1817లో!

● ఎవడి ఇల్లు వాడికి కోట అనే న్యాయసూత్రం 1604 నాటి ఒక కేసులోది. దాన్ని గ్రంథస్థం చేసిన న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ ఈ ఊరి మేనర్ హౌస్‌లో (జమీందారీ భవనంలో) ఉండేవాడు. 1601లో ఎలిజబెత్ రాణికి అక్కడే ఆతిథ్యమిచ్చాడు. 1617లో కూతురికి ఇష్టంలేని పెళ్లి కుదిర్చాడు. తల్లి ఆ పిల్లను వేరేచోట దాచింది. కోక్ మనుషుల్ని వెంటేసుకెళ్లి, ఆ ఇంటి తలుపులు పగలగొట్టి మరీ కూతుర్ని తీసుకొచ్చాడు. కోట సూత్రం ఆ రోజు గుర్తురాలేదు కాబోలు.

● అమెరికాలో పెన్సిల్వేనియాను స్థాపించిన విలియం పెన్ వంశంవారు 1760లో ఆ మేనర్ హౌస్ ఎస్టేటు కొన్నారు. అమెరికా స్వాతంత్ర్యంతో అక్కడి భూములు పోయాయి. పెన్సిల్వేనియా 1779లో లక్షా ముప్పై వేల పౌండ్ల పరిహారం ప్రకటించింది. విలియం మనవడు జాన్ పెన్ ఇక్కడ తెల్లటి భవంతి కట్టుకున్నాడు. 1799లో గ్రేకు స్మారకం నిలిపిందీ ఆయనే.

● ఆ భవంతి 1908లో గోల్ఫ్ క్లబ్ అయింది. 'గోల్డ్‌ఫింగర్' (1964)లో జేమ్స్ బాండ్‌గా షాన్ కానరీ గోల్ఫ్ ఆడింది ఇక్కడే. విలన్ అనుచరుడు టోపీ విసిరి విగ్రహం తల ఎగరగొట్టిందీ ఇక్కడే. అంతకుముందే, 1932లో, ఆల్డస్ హక్స్‌లీ తన 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో భవిష్యత్తు మనుషుల్ని గోల్ఫ్ కోసం స్టోక్ పోజెస్‌కే పంపాడు.

● 2021లో స్టోక్ పార్క్ అనే ఆ ఎస్టేటును ముకేశ్ అంబానీ రిలయన్స్ 5.7 కోట్ల పౌండ్లకు కొంది. మన రూపాయల్లో అప్పటి లెక్కన దాదాపు 590 కోట్లు.

● 1974లో స్లౌ బర్క్‌షైర్ కౌంటీలోకి మారింది. స్టోక్ పోజెస్ బకింగ్‌హమ్‌షైర్‌లోనే ఉండిపోయింది. లండన్ చుట్టూ కట్టడాలను అదుపుచేసే గ్రీన్ బెల్ట్ పట్టణం పాకకుండా ఇక్కడి పొలాలకు కాపు కాసింది.

● అసలు విచిత్రం వేరే ఉంది. స్లౌను ఫ్యాక్టరీల ఊరుగా మార్చిన ట్రేడింగ్ ఎస్టేటుకు నోయెల్ మాబ్స్ ఛైర్మన్. ఇళ్లు చర్చి చుట్టూ కమ్ముకొస్తాయని భయపడి, పక్కనున్న నేల కొని, 1930లలో అక్కడ స్మారక ఉద్యానం వేయించింది కూడా ఆ మాబ్సే. చితాభస్మం ఉంచే చోటే అయినా చూడటానికి శ్మశానంలా ఉండకూడదని సమాధి రాళ్లకు చోటివ్వలేదు. పట్టణాన్ని పెంచినవాడే పల్లెకు కంచె వేశాడన్నమాట!