48 పాయింట్లు కొట్టినా గెలవని రోజు

2005 మే నెల. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో (నాకౌట్ దశలో) ఫీనిక్స్ సన్స్, డల్లాస్ మావెరిక్స్ తలపడుతున్నాయి. సిరీస్ నాలుగో మ్యాచ్‌లో సన్స్ పాయింట్ గార్డ్ స్టీవ్ నాష్ ఒక్కడే 48 పాయింట్లు కొట్టాడు. అయినా సన్స్ 109–119తో ఓడింది. సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 11కి పైగా అసిస్టులు (సహచరుడు బాస్కెట్ వేసేలా అందించిన పాస్‌లు) ఇచ్చిన నాష్, ఆ రోజు ఇచ్చినవి ఐదే.

డల్లాస్ కావాలనే అతన్ని అలా ఆడనిచ్చింది. అంతకుముందు ఆరు సీజన్లు నాష్ ఆ జట్టులోనే ఉన్నాడు కాబట్టి, అతని బలం ఎక్కడుందో వాళ్లకి బాగా తెలుసు. అతన్ని షాట్లు వేసుకోనిచ్చి, పాస్ అందుకోవాల్సిన నలుగురినీ వదలకుండా కాపలా కాశారు. పాయింట్ గార్డ్ స్కోరు చేయాలా, పాస్ ఇవ్వాలా అన్న పాత వాదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

జట్టు తరఫున కోర్టులో ఉండే ఐదుగురిలో బంతిని ముందుకు తెచ్చి, దాడిని ఎటు నడపాలో నిర్ణయించేది పాయింట్ గార్డే. ఎన్‌బీఏలో 8 సెకన్లలోపు సగం కోర్టు దాటాలి, 24 సెకన్లలోపు షాట్ వేయాలి. ఎవరు ఖాళీగా ఉన్నారో కనిపెట్టాల్సింది ఆ కాస్త వ్యవధిలోనే.

ఒక్కడే అన్నీ చేస్తే? 1972–73లో టైనీ ఆర్చిబాల్డ్ చేసి చూపించాడు. మ్యాచ్‌కి 34 పాయింట్లు, 11.4 అసిస్టులతో రెండింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం. కానీ అతని జట్టు, కేన్సస్ సిటీ–ఒమాహా కింగ్స్, 82 మ్యాచ్‌లలో 36 మాత్రమే గెలిచి ప్లేఆఫ్స్‌కి కూడా చేరలేదు. అదే ఆర్చిబాల్డ్ 1981లో బోస్టన్ సెల్టిక్స్‌తో టైటిల్ గెలిచాడు. అప్పుడతని సగటు 14 పాయింట్లు కూడా లేదు. చుట్టూ ల్యారీ బర్డ్ లాంటివాళ్లున్నారు, బంతి వాళ్లకి అందితే చాలు.

అలాగని షాట్ అక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు. షాట్ వేయలేని గార్డ్‌ని డిఫెండర్ వదిలేసి వెనక్కి జరిగిపోతాడు, పాస్ వెళ్లే దారికి అడ్డుగా నిలబడతాడు. స్టీఫెన్ కర్రీ విషయంలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. 2015–16లో 402 త్రీ పాయింటర్లు కొట్టిన అతని మీదికి ఇద్దరు డిఫెండర్లు పరిగెత్తుకొచ్చేవారు. అతను బంతిని సహచరుడు డ్రేమండ్ గ్రీన్‌కి వదిలేస్తే, అవతల ముగ్గురి మీద ఇవతల నలుగురు. 73 మ్యాచ్‌లు గెలిచిన ఆ గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టులో అసిస్టుల సగటు ఎక్కువ ఉన్నది కర్రీకి కాదు, గ్రీన్‌కి! షాట్ అంటే ఉన్న భయమే అక్కడ సగం పాస్ పని చేసిపెట్టింది.

కాబట్టి చూపు ముందు పాస్ మీదే ఉండాలి. అయితే ఖాళీ దొరికితే కొడతాడన్న భయం అవతలివాళ్లకి పోకూడదు. డల్లాస్ మీద నాష్ తర్వాత చేసిందదే. ఐదో మ్యాచ్‌లో 34 పాయింట్లు, 12 అసిస్టులు. ఆరోదాంట్లో చివరి క్షణాల్లో త్రీ పాయింటర్‌తో స్కోరు సమం చేసి ఓవర్‌టైమ్‌కి తీసుకెళ్లాడు. 39 పాయింట్లు, 12 అసిస్టులతో మ్యాచ్ ముగించాడు. సన్స్ సిరీస్‌ని 4–2తో గెలిచింది.

బడి కోర్టుల్లో పాయింట్ గార్డ్‌గా ఆడే పిల్లల్ని ఎన్ని పాయింట్లు కొట్టావని మాత్రమే అడగొద్దు. ఎన్ని అసిస్టులిచ్చావో కూడా అడగండి, కోచ్‌లు ఆ లెక్క కూడా రాసిపెట్టండి.