నీళ్లొచ్చినాయి సరే, పడవెక్కే ముందు బరువు లెక్క చూడప్పా

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమలో కూర్చొని పడవ గురించి రాస్తే నవ్వుతారని తెలుసు. ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టినోళ్లం, మనకు పడవేందప్పా అంటారు. కానీ హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరు దాకా వచ్చినాయి. నీళ్లున్న చోటికి షికారు వస్తుంది, షికారు వెనకాలే పడవ వస్తుంది. ఈత రానోళ్లు కూడా ఎక్కేస్తారు. నేనూ ఈత రానోణ్ణే.

2017 ఏప్రిల్‌లో మన పాత అనంతపురం జిల్లాలోనే, గుంతకల్లు మండలం యర్రతిమ్మరాజు చెరువులో, షికారుకని చిన్న పడవలో మోయలేనంత మంది ఎక్కినారు. పడవ తిరగబడి పదిమందికి పైగా పోయినారు, వాళ్లలో పిల్లోళ్లూ ఉన్నారు. అందుకే ఈ లెక్క ప్రతి ఒక్కరికీ తెలియాల అంటాండా.

కుటుంబంతో రెండు మూడు రోజులు నీళ్ల మీదే తిరగాలంటే చాలామంది కోరేది జంట దోనెల మోటారు పడవ. దాన్నే కటమరాన్ అంటారు. ఆ పేరు తమిళంలోని కట్టుమరం నుంచి పోయింది, అంటే కట్టిన మాను అని. పేరు దుంగల తెప్పది. ఇప్పటి పడవ మాత్రం రెండు సన్నని దోనెలు పక్కపక్కన పెట్టి పైన డెక్ వేసింది.

ఇది నులకమంచం లాంటిది. కాళ్లు ఎడంగా ఉంటాయి కాబట్టి అంత సులభంగా ఒరగదు. ఆ ధైర్యమే ప్రమాదం. ఒంటి దోనె పడవ బరువెక్కువైతే అటూ ఇటూ ఊగి ముందే చెప్తుంది. ఇది కదలకుండా నిలబడి, ఒక పక్క దోనె నీళ్లలోంచి లేచినంక ఒక్కసారిగా తిరగబడుతుంది. తిరగబడిన మంచం తనంతట తాను లేవనట్లే ఇదీ లేవదు.

ఇంకో సంగతి. దోనెలు సన్నం కాబట్టి బరువుకు తొందరగా కుంగుతాయి. సుమారు 6 మీటర్ల పడవలో, రెండు దోనెలు నీటి మట్టం దగ్గర కలిపి 6 చదరపు మీటర్లు ఉన్నాయనుకుందాం. 1 సెంటీమీటరు దిగితే 60 లీటర్ల నీళ్లను పక్కకు తోస్తుంది, అంటే 60 కిలోలు. ఒక మనిషి ఎక్కితే ఒక సెంటీమీటరు. పదిమంది అదనంగా ఎక్కితే పది. అప్పుడు డెక్ అడుగు నీళ్లకు దగ్గరై ప్రతి అలా వచ్చి గుద్దుతుంది.

ఇంక సామాన్లు సర్దేది ఎట్లంటే, ఎద్దులబండి తోలినోళ్లకు చెప్పే పనే లేదు. ముందు బరువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది, వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది. పడవా అంతే. వెనక మోటార్లు ముందే బరువు. అందుకే పెట్రోలు ట్యాంకు, నీళ్ల ట్యాంకు నడుమ పెట్టాల. 100 లీటర్ల పెట్రోలు దాదాపు 74 కిలోలు, 100 లీటర్ల నీళ్లు 100 కిలోలు. నడుమ ఉంటే అవి ఖాళీ అయ్యేకొద్దీ పడవ ముందుకో వెనక్కో వాలదు. బ్యాటరీలు కింద పెట్టి, రెండు దోనెలకూ సరిసమానంగా పంచాల.

సగం నిండిన నీళ్ల ట్యాంకరు బ్రేకు కొడితే ఎట్ల ఊగుతుందో మనకంటే ఎవరికి తెలుసు? పడవ ట్యాంకులో కూడా నీళ్లు ఒక పక్కకు పరుగెత్తి ఒరుపును పెంచుతాయి. లోపల అడ్డుపలకలు ఉండాల. అందరూ సెల్ఫీ కోసం ఒకే పక్కకు పోతే జరిగేదీ అదే. పైకప్పు మీద మనుషులు ఎక్కితే మరీ చెడ్డ.

వంట గ్యాసు సంగతి మర్చిపోవద్దు. అది గాలి కంటే బరువు. లీకైతే పడవ అడుగున చేరి కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండరు బయట, గాలి ఆడే పెట్టెలో ఉండాల. ఆ పెట్టె అడుగున రంధ్రం నీళ్ల వైపు తెరుచుకోవాల.

అన్నీ సర్దినంక నిలకడ నీళ్లలో పడవను వదిలి, మేస్త్రీ వాడే రసమట్టం డెక్ మీద పెట్టి చూడాల. బుడగ నడుమకు వచ్చేదాకా సామాన్లు జరపాల. పూర్తి బరువుతో నీళ్లు యాడికి వస్తాయో దోనెలకు రంగు గీత గీయాల. ఆ గీత మునిగితే దిగమని అర్థం.

2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం మోటారు పడవకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ ఉండాల. అయితే ఒడ్డున నిలబడినప్పుడు మన చేతిలో ఉండేది మన కన్ను. తమ్ముడూ, చెల్లీ, ఎక్కే ముందు మూడు అడగండి. ఎంతమందికి పర్మిషన్? గీత యాడ? నా జాకెట్ ఏది? సరైన జవాబు రాకుంటే ఒడ్డునే కూర్చొని బొరుగులు తినండి. చెరువు యాడికీ పోదు.