కార్డు మారింది... గేమ్ మారలేదు!

రాత్రి పదకొండు దాటింది. గేమ్ ఆడటం మానేసి స్క్రీన్ మూలన ఉన్న చిన్న అంకె వైపే చూస్తున్నా. 41... 38... ఒక్కసారిగా 19! మళ్లీ 40. సైబర్‌పంక్ 2077లో నా బండి మలుపు తిరిగినప్పుడల్లా గేమ్ ఎక్కిళ్లు పెడుతోంది. పాత కార్డుతో సెట్టింగ్స్ అన్నీ తగ్గించి ఆడితే 30 ఎఫ్‌పీఎస్ వచ్చేది. అంటే పాతిక వేలకు పైగా పోసి నేను కొనుక్కున్నది పది ఫ్రేములా?

ఆ డబ్బులో సగం నేను ఏడాది పాటు పిల్లలకు ట్యూషన్ చెప్పి దాచుకున్నది. మిగతా సగం అమ్మ చిట్టీ పాట డబ్బు. ఎడిటింగ్ నేర్చుకుంటా, గేమింగ్ వీడియోలు చేస్తా అని చెప్పి ఒప్పించా. కార్డు పెట్టిన మర్నాడు అమ్మ అడిగింది, ‘‘ఎట్లుంది బిడ్డా కొత్తది?’’ అని. ‘‘మస్తుందమ్మా’’ అన్నా. అబద్ధం చెప్పానని నాకు మాత్రమే తెలుసు.

దుకాణం మీదకు యుద్ధానికి

నా దగ్గరున్నది 2017 నాటి సిస్టమ్. ఐ5 7400 ప్రాసెసర్, బీ250 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్. పాత కార్డు జీటీఎక్స్ 1050 టీఐ. దాని స్థానంలో 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 తెచ్చా. రెండు రోజులు వీడియోలు చూసి, కామెంట్లు చదివి చివరికి ఒక నిర్ణయానికి వచ్చేశా: కొట్టువాడు నాకు వాడేసిన కార్డు అంటగట్టాడు!

సీపీయూ డబ్బా మొత్తం బండి ముందు పెట్టుకుని ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లా. దారంతా ఏమనాలో రిహార్సల్ వేసుకున్నా. కౌంటర్ దగ్గర గొంతు కాస్త పెద్దదే చేశా. లోపలి నుంచి రిపేర్లు చేసే అన్న వచ్చాడు. కోపం లేదు, కంగారు లేదు.

‘‘తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టినవ్? మదర్‌బోర్డుకా, కార్డుకా?’’

‘‘కార్డుకే అన్నా. అంత తెలీదా?’’

‘‘తెల్వనోళ్లు మస్తుమంది వస్తరు. అందుకే అడిగిన.’’

మదర్‌బోర్డు పోర్టుకు కేబుల్ పెడితే బొమ్మ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ నుంచే వస్తుందట. కొత్త కార్డు పక్కన కూర్చుని చూస్తూ ఉంటుంది.

రెండో ప్రశ్న పవర్ సప్లై గురించి. కార్డుతో పాటే 550 వాట్లది కొన్నా. 3060కి ఎన్విడియా చెప్పేది కూడా అంతే. మూడోది డ్రైవర్. పాత డ్రైవర్ మీదే కొత్తది ఎక్కించానని ఒప్పుకున్నా. విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి, డీడీయూ అనే ఉచిత టూల్‌తో పాత డ్రైవర్లన్నీ తుడిచేసి, కొత్తది మళ్లీ వేశాడు. ఎక్కిళ్లు కొంచెం తగ్గాయి. అంకె మాత్రం 42 దగ్గరే ఆగింది.

అసలు దొంగ దొరికాడు

అప్పుడు అన్న ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ పెట్టి గేమ్ నడిపించాడు. ఆడుతుండగానే కార్డు ఎంత పనిచేస్తోందో, ప్రాసెసర్ ఎంత పనిచేస్తోందో స్క్రీన్ మీదే కనిపిస్తుంది. కార్డు వాడకం 50 శాతం దగ్గర ఊగుతోంది. ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లూ 100.

‘‘సమజైందా? కార్డు ఖాళీగ కూసుంది. ప్రాసెసర్ ఉరుకుతుంది.’’

నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. నా మొహం చూసి ఇంకో పరీక్ష పెట్టాడు. రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించాడు. కార్డుకు పని సగానికి పైగా తగ్గింది కాబట్టి ఫ్రేములు పెరగాలి. పెరగలేదు. 43. అంటే అడ్డం పడుతోంది కార్డు కాదు.

గేమ్‌లో ప్రతి ఫ్రేమ్‌కూ ముందు ప్రాసెసర్ లెక్కలు వేయాలి. జనం ఎటు నడవాలి, బండి ఎక్కడ గుద్దుకోవాలి, ఏ బొమ్మ గీయాలి... ఇవన్నీ తేల్చి కార్డుకు అందించాలి. 60 ఎఫ్‌పీఎస్ రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు ఉండే టైమ్ 16.7 మిల్లీ సెకన్లే. అంతలో ప్రాసెసర్ లెక్క ముగించకపోతే కార్డు ఎంత గొప్పదైనా ఎదురు చూడాల్సిందే.

‘‘టిఫిన్ సెంటర్‌ల పెద్ద పెనం తెచ్చిపెట్టినవ్ తమ్ముడూ. పిండి రుబ్బే గ్రైండర్ పాతదే ఉంది. దోశలు ఎక్కువ ఎట్లొస్తయ్?’’

సిస్టమ్ మూత తీశాక రెండో దొంగ కూడా దొరికాడు. 8 జీబీ ర్యామ్ ఒక్కటే స్టిక్. ఒక్క స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఒకే దారి. రెండు స్టిక్కులు సరైన స్లాట్లలో ఉంటే రెండు దారులు.

ఇంటికొచ్చి ఆ గేమ్‌కు ఏం కావాలో మళ్లీ చదివా. 2.0 అప్‌డేట్ తర్వాత కనీసం ఐ7 6700, 12 జీబీ ర్యామ్ ఉండాలని రాసి ఉంది. కార్డు కొనే ముందు కూడా అదే పేజీ చూశా. కానీ గ్రాఫిక్స్ కార్డు లైన్ ఒక్కటే చదివా!

ఎనిమిదిన్నర వేల మందు

కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్, కొత్త ర్యామ్ అంటే మళ్లీ పాతిక వేలు. అమ్మను ఏ మొహంతో అడగను? కార్డు అమ్మేద్దామనీ అనుకున్నా. అన్నే దారి చెప్పాడు: అదే బోర్డులో కూర్చునే ఐ7 7700 వాడినది వెతుక్కోమని. దానిలోనూ కోర్లు నాలుగే, కానీ ఒకేసారి ఎనిమిది పనులు అందుకుంటుంది, వేగమూ ఎక్కువ. ‘‘ఎవరన్నా 8వ తరం చూపిస్తే తీస్కోకు. సాకెట్ పేరు 1151 అనే ఉంటది, నీ బోర్డుల నడవది’’ అని హెచ్చరించాడు. ఆ మాట చెప్పకపోతే నేను కచ్చితంగా ఐ5 8400 కొనేవాణ్ని.

వాడిన ఐ7కి ఏడు వేలు, ఇంకో 8 జీబీ స్టిక్‌కు వెయ్యిన్నర. పాత కార్డు, పాత ప్రాసెసర్ అమ్మితే ఆరు వేల మూడొందలు వచ్చాయి. చేతి నుంచి పడింది రెండు వేల రెండొందలు. ప్రాసెసర్ మార్చేటప్పుడు ఫ్యాన్ దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ కొత్తగా రాశా. ఇప్పుడు అదే రోడ్డు, అదే మలుపు... 60కి అటూ ఇటూ. అన్నిటికన్నా హాయి ఏంటంటే, 19కి పడిపోవడం లేదు.

మీకూ ఇలాగే ఉందా? ఈ వరసలో చూడండి

1. మానిటర్ కేబుల్ కార్డుకే ఉందా?

2. మానిటర్ 144 హెర్ట్జ్‌దైతే విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 144 అని ఉందా? చాలాసార్లు 60 దగ్గరే ఉండిపోతుంది.

3. పాత డ్రైవర్ తీసేసి కొత్తది వేశారా?

4. పవర్ సప్లై సరిపోతుందా? కార్డు పవర్ కేబుల్ పూర్తిగా లోపలికి దిగిందా?

5. ర్యామ్ ఒక్క స్టిక్కా, రెండా? 3200 ర్యామ్ కొని, మీ బోర్డు దాన్ని నడపగలిగినా బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే అది తక్కువ వేగంతోనే నడుస్తుంది.

6. ఆడేటప్పుడు వేడి ఎంత? ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరకు వెళ్తే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మన ఎండాకాలంలో ఇది మామూలే.

7. కార్డు వాడకం ఎంత? 95 పైన ఉంటే కార్డు తన పని చేస్తున్నట్టే. ఫ్రేమ్ లిమిట్, వీసింక్ ఆపినా బాగా తక్కువుంటే ప్రాసెసర్ వైపు చూడండి.

ఈ పరీక్షల్లో దేనికీ రూపాయి ఖర్చు లేదు. నేను కార్డు కొనకముందే పాత సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూసుంటే, అప్పటికే ప్రాసెసర్ ఆయాసపడుతోందని తెలిసేది.

మొన్న సీటీసీకి వెళ్లినప్పుడు అన్నకు సారీ చెప్పా. ‘‘ఛాయ్ తాపియ్, చాలు’’ అన్నాడు. అమ్మకు కూడా అసలు సంగతి చెప్పేశా, ఆ రోజు మస్తుందని అబద్ధం చెప్పానని. తిడుతుందనుకున్నా. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ తలెత్తకుండానే అంది:

‘‘కొన్నంక కొట్లాడవోయినవ్. గదే కొనకముందే పోయి అడిగుంటే అయిపోతుండె కదరా!’’