ధరలు చెప్పు కొత్త గొంతులు – వినవలసిన తీరు

పంట చేతికి వచ్చిన రైతుకు మొదట తెలియవలసినది బజారు ధర. పూర్వము ఈ సమాచారము సంతకు పోయి వచ్చినవారి నోట తెలిసెడిది. తరువాత పత్రికలు, రేడియో వచ్చినవి. నేడు చేతిలోని ఫోనులోనే పంటల ధరలను గూర్చి ముచ్చటించు కార్యక్రమములు వినవచ్చును. వీనినే పాడ్‌కాస్టులు అందురు. రేడియో ప్రసంగము వేళకు వచ్చి పోవును. పాడ్‌కాస్టును ఫోనులో దించుకొని గట్టు మీద కూర్చుండియైనను, రాత్రి భోజనమైన పిదపనైనను వినవచ్చును. తెలియనిచోట ఆపి మరల వినవచ్చును.

ఇట్టి కార్యక్రమములను తరచుగా ఇద్దరు కలసి నడుపుదురు. కొంతకాలమునకు పాతవారు తప్పుకొని కొత్తవారు వత్తురు. కొత్తవారు తమ్ము తాము పరిచయము చేసికొను మొదటి భాగమును చాలమంది దాటివేయుదురు. ఇది మంచిది కాదు. ఆ ఇద్దరి మాట విని పంటను అమ్ముటయో, నిలువ చేయుటయో నిర్ణయించుకొను రైతు, ముందుగా వారెవరో తెలిసికొనవలెను.

ఇద్దరెందుకు?

ఒకరు అడుగుట, ఒకరు చెప్పుట ఆకాశవాణి గ్రామీణ కార్యక్రమముల నుండి మనకు అలవాటైన పద్ధతియే. ధరల విషయములో దీని ప్రయోజనము ఎక్కువ. ఒకరు బజారు తెలిసినవారై యుండవలెను: రాబడి ఎంత, కొనువారెవరు, ఎగుమతి ఎట్లున్నది అను సంగతులు వారు చెప్పుదురు. రెండవవారు రైతు పక్షమున నిలిచి, "ఆ ధర ఏ సరకునకు? మా ఊరినుండి తెచ్చిన చేతికి ఎంత మిగులును?" అని అడుగవలెను. ఇద్దరును ఒకరి మాటకు ఒకరు తల ఊపుచున్నచో రెండవ గొంతు వలన లాభము లేదు.

పరిచయములో గమనింపవలసినవి

మొదటిది, వారి జీవనాధారము. వ్యాఖ్యాత కమీషను వ్యాపారి కావచ్చును. గిడ్డంగి, విత్తనము, ఎరువు అమ్ము సంస్థకు చెందినవాడు కావచ్చును. అది తప్పు కాదు, దాచుట తప్పు. గిడ్డంగి వారు "నిలువ చేయుడు" అనినపుడు ఆ సలహాలో వారికి కల లాభమును కూడ లెక్కింపవలెను.

రెండవది, ధర ఎచ్చటనుండి తెచ్చుచున్నారు? మార్కెట్ యార్డు లెక్కనుండియా, కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ నుండియా, 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్ నుండియా, లేక ఒక వ్యాపారి నోటి మాటనుండియా?

మూడవది, గతవారము తాము చెప్పిన అంచనాను ఈ వారము జరిగినదానితో పోల్చి చూపుదురా? అట్లు చూపువారి మాటకు విలువ ఎక్కువ.

ధర విన్నప్పుడు

తేదీ: పాడ్‌కాస్టును ఎప్పుడైనను వినగల సౌకర్యమే ఒక చిక్కు. పది దినముల క్రిందటి భాగమును నేటిదిగా భావించి మోసపోవచ్చును.

యార్డు, రకము: గుంటూరు మిరపలో తేజ ధర వేరు, బాడిగ ధర వేరు, తాలుకాయల ధర వేరు. దుగ్గిరాల పసుపులో కొమ్ము, కాయ వేరువేరు. "మిరప ఇంత పలికినది" అను మాట ఒక్కటే అక్కరకు రాదు.

తేమ: 2025-26లో పొడుగు పింజ ప్రత్తికి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. ఇది తేమ 8 శాతమునకు మించని సరకునకు. ఆపైన ప్రతి ఒక శాతమునకు ధరలో ఒక శాతము తగ్గును. 12 శాతమున్న ప్రత్తికి వచ్చునది రూ. 7,785.60 మాత్రమే. 12 దాటినచో కాటన్ కార్పొరేషన్ కొనదు.

కొలత: యార్డు ధర క్వింటాలుకు చెప్పుదురు. కోస్తా జిల్లాలలో ధాన్యమును 75 కిలోల బస్తాతో బేరమాడుదురు. 2025-26లో సాధారణ రకము ధాన్యపు మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369, అనగా బస్తాకు రూ. 1,776.75.

కనిష్ఠము, గరిష్ఠము, మోడల్: గరిష్ఠ ధర ఒకటి రెండు మంచి లాట్లకు మాత్రమే వచ్చి యుండవచ్చును. ఆ దినమున ఎక్కువ సరకు అమ్ముడైన ధరను మోడల్ ధర అందురు. దానినే ఆధారముగా పెట్టుకొనవలెను.

వాయిదా ధర: పసుపు వంటి సరకులకు ఎక్స్ఛేంజిలో రాబోవు నెలల వాయిదా బేరములు జరుగును. అది నేడు యార్డులో చేతికిచ్చు ధర కాదు. వ్యాఖ్యాతలు ఈ రెండింటిని విడివిడిగా చెప్పుచున్నారో లేదో గమనింపుడు.

చేతికి మిగులునది

ఒక ఉదాహరణము చూతము. మీ వద్ద 20 క్వింటాళ్ల సరకున్నది. ఊరి వ్యాపారి కళ్లము వద్ద క్వింటాలుకు రూ. 7,000 ఇచ్చుననెను. యార్డులో మోడల్ ధర రూ. 7,400 అని వింటిరి. తేడా మొత్తము రూ. 8,000. ఇందులో లారీ బాడుగ 3,500, హమాలీ, కాటా ఖర్చులు 900, మనిషి దారి ఖర్చు 600, క్వింటాలుకు అర కిలో తరుగు చొప్పున 740, వెరసి 5,740. మిగులునది రూ. 2,260, అనగా క్వింటాలుకు రూ. 113. సరకు నాణ్యత కొంచెము తగ్గినను అదియు పోవును. మంచి సరకై, ఇద్దరు ముగ్గురు రైతులు ఒకే లారీ కట్టుకొన్నచో లాభము పెరుగును. ఇట్టి లెక్కను కొత్త వ్యాఖ్యాతలు చెప్పకున్న మీరే వేసికొనుడు.

గ్రామములో కలసి వినుట

1956లో పూనా రేడియో కేంద్రము యునెస్కో సహాయముతో 150 గ్రామములలో రైతుల శ్రవణ సంఘములను నడిపినది. విన్నదానిని కలసి చర్చించి, ఆచరణలో పెట్టుట ఆ సంఘముల పద్ధతి. నేడును ఇది పనికివచ్చును. గ్రామాధికారులు వారమున కొకసారి, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రము వద్ద, తెలంగాణలో రైతు వేదిక వద్ద, రైతులను చేర్చి వినిపింపవచ్చును. యార్డు పేరు, తేదీ, రకము, మోడల్ ధర బోర్డుపై వ్రాయించినచో ఫోను లేనివారికి, కౌలు రైతులకు కూడ తెలియును.

కొత్త గొంతులను ఒక నెల పరీక్షింపుడు. వారు చెప్పిన ధరను ఒక పుస్తకములో వ్రాసి, అదే దినమున యార్డులో అమ్మిన మీ ఊరివారి చీటీలోని ధరను దాని ప్రక్కన వ్రాయుడు. నాలుగు వారములలో ఆ రెండు అంకెలు దగ్గరగా నిలిచినచో ఆ కార్యక్రమమును విడువక వినుడు. దూరమైనచో కారణమేమో వారినే అడుగుడు. మీ ప్రశ్నకు తరువాతి భాగములో జవాబు చెప్పువారు రైతునకు పనికివచ్చు వ్యాఖ్యాతలు.